తువ్వాలు కింద

అరండల్‌పేటలో, మెట్ల కింద నా కొట్టు.
బోర్డు మీద సిస్టమ్స్ అని ఉండేది,
చివరక్షరం పోయినేడు వానకి పోయింది.
వచ్చినవాళ్ళు తొంగి చూసి
"సార్ లేరామ్మా?" అంటారు.
నేనే సారుని, పెట్టండక్కడ, అంటాను.

ఇవాళ మిర్చి యార్డు నుంచి ఒక డబ్బా వచ్చింది.
మరలు విప్పి, చున్నీ ముక్కుకి కట్టుకుని
బ్లోయర్ పెట్టానో లేదో
లోపల్నుంచి ఎర్రటి పొగ.
నేనూ, పక్క జిరాక్స్ జోజిబాబూ,
మెట్లు దిగుతున్న ఎల్‌ఐసీ ఆయనా
ముగ్గురం కలిసి ఏడు తుమ్ములు.
"వైరస్సామ్మా?" అన్నారు
డబ్బా మోసుకొచ్చిన గుమస్తా మస్తాన్‌వలీ గారు.
కాదండీ, తేజ రకం.

పేపర్లో పడిందట,
ఎక్కడో పెద్ద కంపెనీ తాళం ఊడి
కోట్ల మంది పుట్టినరోజులు బజార్న పడ్డాయట.
జోజిబాబు చదివి తెగ బాధపడ్డాడు.
నాకైతే బాధేం లేదు, ఉన్నమాట చెప్తున్నా.
ఇతని కొట్లో రోజుకి వంద ఆధార్లు పుడతాయి,
మసకగా వచ్చినవి చించడు, బజ్జీల బండికి ఇస్తాడు.
నిన్న నా బజ్జీ అడుగున
కొల్లిపర ఆయనెవరో
నూనెలో నాని, అద్దంలా తేలి,
పన్నెండంకెలతో సహా నన్ను చూశాడు.

అప్‌డేట్ల సంగతి అడక్కండి.
రాత్రి శుభ్రంగా పడుకున్న మెషీను
తెల్లారేసరికి ఇల్లు మారిన అద్దెవాడిలా
స్విచ్చులెక్కడో వెతుక్కుంటుంది.
అయినా వేయించుకోమనే అంటాను.
రోడ్డు తవ్వుతుంటే తిట్టుకుంటాం,
తవ్వకపోతే కుళాయిలో ఏమొస్తుందో తాగాక తెలుస్తుంది.
ఇక ఊరికే కాపలా కాస్తానని వచ్చే సాఫ్ట్‌వేర్లు...
జీతం అడగని కాపలావాడు
వంటింట్లో ఏం తింటున్నాడో చూసుకోవాలి కదా.

ఈ డబ్బాకి పాస్‌వర్డు నుదుటనే రాసుంది
స్కెచ్ పెన్నుతో, కొట్టు పేరు, ఒకటి రెండు మూడు.
మార్చండి, అన్నాను.
"ఎందుకమ్మా, అందరికీ తెలిసిందేగా!"

టీ వచ్చింది.
మస్తాన్‌వలీ గారు భుజం మీద తువ్వాలు తీసి
జోజిబాబు చేతి మీద కప్పారు. కింద వేళ్ళేవో కదిలాయి.
"మా రోజుల్లో బేరం ఇట్టా.
వేలు పట్టుకుంటే వంద, కణుపు నొక్కితే పది.
చుట్టూ పాతికమంది నిలబడ్డా
ఒక్కడికీ ధర తెలిసేది కాదు."
మేం దాన్ని ఎన్‌క్రిప్షన్ అంటామండీ, అన్నాను
కాస్త గొప్పగానే.
"ఏదో ఒకటి. నాకు మాత్రం తెలిసిపోయేది."

ఎలా?

"పదకొండేళ్ళవాణ్ణి, యార్డులో టీలు మోసేవాణ్ణి.
తువ్వాలు వైపు చూసేవాణ్ణి కాదు.
మోచేతి కింద నరం చూసేవాణ్ణి.
చూపుడువేలుకొక తీగ లేస్తుంది,
చిటికెన వేలుకి ఇంకోటి."

ఎవరికైనా చెప్పారా?

గ్లాసు చల్లారిపోయింది, అయినా ఊదుతున్నారు.
"ఒక్కసారి. అణా కోసం కాదు, గొప్పకి.
ఫిరంగిపురం రైతు, బస్తాకి పదకొండు రూపాయలు పోయాయి.
ఆయన పంచె అంచు ఆకుపచ్చ."

ఆ మాట మీద ఎవరం ఏమీ అనలేదు.
జోజిబాబు లేచి, మసక కాగితాల కట్ట
బల్ల కిందికి తోశాడు. చించలేదు, తోశాడు.

నేను మరలు బిగించి మీట నొక్కితే
డబ్బా ఒకసారి దగ్గి లేచింది.

టీ డబ్బులు నేనే ఇచ్చాను, ఫోన్లో.
పిన్ను కొడుతుంటే
మస్తాన్‌వలీ గారు గోడ వైపు తిరిగి
అక్కడ లేని క్యాలెండరేదో చదువుతున్నారు.

టీ కుర్రాడు మాత్రం
ఖాళీ గ్లాసులు వేళ్ళకి తగిలించుకుని
నా మోచెయ్యి వైపే చూస్తున్నాడు.